బరువు తగ్గే ఆపరేషన్‌కి నా హెల్త్ పాలసీ: దాదాపు నాలుగేళ్ల తర్వాత

2022 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో నాకు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ చేశారు. అంటే పొట్ట సంచిలో ముప్పావు వంతు దాకా కోసి తీసేసి, సన్నటి గొట్టంలా మిగల్చడం. బిల్లు 4,12,000 రూపాయలు అయింది. మా పాలసీ నుంచి 3,47,000 వచ్చాయి. అది కూడా ఒకసారి కాదన్నాక, ఆపరేషన్ అయిన ఐదు నెలలకు. ఇప్పటికీ అదే పాలసీ కడుతున్నాను. కంపెనీ పేరు రాయను. ఈ ఆపరేషన్ విషయంలో ఏ పాలసీ చూసినా షరతు దాదాపు ఒకే మాటల్లో ఉంటుంది కాబట్టి నా అనుభవం ఎవరికైనా పనికొస్తుంది.

2016లో ఖమ్మంలో ఐదు లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ) తీసుకున్నప్పుడు, ఊబకాయం చికిత్సకు డబ్బు ఇవ్వం అని కాగితాల్లో సూటిగానే ఉంది. 2019లో బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ ఈ మినహాయింపుల భాషను అన్ని కంపెనీలకూ ఒకేలా చేసింది. పాత పాలసీలకు అది 2020 అక్టోబరు నుంచి వర్తించింది. ఆ తర్వాతి రెన్యువల్ కాగితాల్లో నాకూ మాట మారింది. కొత్త మాట ప్రకారం బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 40 గానీ అంతకు మించి గానీ ఉండాలి. లేదా కనీసం 35 ఉండి, అదుపులో లేని టైప్ 2 షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), గుండె రక్తనాళాల జబ్బు, ఊబకాయం వల్ల గుండె కండరం దెబ్బతినడం, వీటిలో ఒకటైనా ఉండాలి. అదీ ఆపరేషన్ లేని పద్ధతులు ప్రయత్నించి ఫలితం రాకపోయాకే. వయసు 18 నిండాలి, డాక్టర్ సలహా ఉండాలి.

షుగర్ ఉన్న మనలాంటి ఆసియా వాళ్లకు బీఎంఐ 32.5 దగ్గరే ఈ ఆపరేషన్ ఆలోచించవచ్చని సర్జన్లు అంటారు. పాలసీ 35 కింద ఒప్పుకోదు. మన ఒంటి తీరుకి ఆ అంకె న్యాయం కాదని నా అభిప్రాయం. 33 దగ్గర ఇన్సులిన్ పొడుచుకుంటూ, జబ్బు ఇంకా ముదిరేదాకా ఆగాల్సి వస్తున్న వాళ్లను చూస్తే బాధేస్తుంది.

నా బరువు అప్పుడు 91 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు. బీఎంఐ 36.5. రెండు పూటలా ఇన్సులిన్ తీసుకున్నా మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 9 శాతం దిగేది కాదు. రాత్రి గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోయేది. మా వారు భయపడి తట్టి లేపేవారు. స్లీప్ స్టడీలో గంటకు 42 సార్లు అని వచ్చింది. 30 దాటితేనే తీవ్రం కింద లెక్క. షుగర్ పాలసీ తీసుకునేనాటికే ఉంది, ఫారంలో రాశాం కూడా. దాని నాలుగేళ్ల వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుకు డబ్బు ఇవ్వని గడువు, 2020లోనే అయిపోయింది. ఇప్పుడు కొత్తగా తీసుకునేవాళ్లకు ఆ గడువు మూడేళ్లకు మించకూడదు.

ఇన్ని ఉన్నా క్యాష్‌లెస్, అంటే కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం, రాలేదు. అడ్మిషన్‌కి ముందు రోజు సాయంత్రం ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ నుంచి ఫోన్ చేసి, "రిజెక్ట్ అయింది మేడం, రీయింబర్స్‌మెంట్‌లో చూసుకోండి" అన్నారు. అప్పటికే రెండు వారాలుగా లివర్ చిన్నబడేందుకు ద్రవాహారం మీద ఉన్నాను. వెనక్కి వెళ్లడానికి మనసొప్పలేదు. గాజులు, నల్లపూసలు పెట్టి గోల్డ్ లోన్ తీసుకున్నాం.

రీయింబర్స్‌మెంట్ (మనం కట్టి తర్వాత తిరిగి అడగడం) ఫైలు కూడా ఏప్రిల్‌లో తిరిగొచ్చింది. "ఊబకాయం షరతులు నెరవేరలేదు" అని ఒక్క వాక్యం. ఆ రోజు ఏడ్చాను. అందం కోసం చేయించుకున్నావు అన్న బంధువుల మాటే కంపెనీ లెటర్‌హెడ్ మీద వచ్చినట్టు అనిపించింది.

మా తమ్ముడు ఫైలంతా ముందేసుకుని కూర్చుంటే అసలు సంగతి దొరికింది. మొదటి ఓపీ కాగితం మీద ఎవరో నన్ను కొలవకుండా అడిగి, ఎత్తు 162 అని రాశారు. చెప్పుల మీద ఎప్పుడో కొలిచిన అంకె నేనే చెప్పి ఉంటాను. 162తో లెక్కేస్తే బీఎంఐ 34.7. నాలుగు సెంటీమీటర్ల తేడాతో నేను షరతు బయటికి పోయాను! రెండోది, క్యాష్‌లెస్ కోసం ఆసుపత్రి ముందుగా పంపే ప్రీ ఆథరైజేషన్ ఫారంలో "మార్బిడ్ ఒబేసిటీ" (తీవ్ర ఊబకాయం) అని తప్ప షుగర్ గురించి, స్లీప్ స్టడీ గురించి ఒక్క ముక్క లేదు. మూడోది, అంతకుముందు నేను చేసిన ప్రయత్నాలకు రుజువు ఏదీ జతచేయలేదు.

ఆ రుజువు ఇంట్లోనే ఉంది. 2018 నుంచి డైటీషియన్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ బరువు రాసిన చీటీలు, మందుల ప్రిస్క్రిప్షన్లు నేను పారేయలేదు. పెన్నుతో రాసిన 19 చీటీలు. సర్జన్‌ని అడిగి అసలు ఎత్తుతో కొత్త సర్టిఫికెట్, పాలసీలోని షరతులు ఒక్కొక్కటీ ఎలా సరిపోయాయో వివరించే లెటర్ రాయించాం. అన్నీ కలిపి కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి మెయిల్ పెట్టి, పాలసీలోని ఆ క్లాజును మాటకు మాట దింపాం. 30 రోజుల్లో తేలకపోతే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలనుకున్నాం. అక్కడ ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. ఆంధ్ర, తెలంగాణ రెండూ దాని కిందికే వస్తాయి. అంత దూరం పోకముందే జూలైలో డబ్బు పడింది.

తగ్గిన 65,000లో 19,000 గ్లవ్స్, కిట్ల లాంటి చెల్లించని వస్తువులకు పోయింది. మిగతా 46,000 నా తప్పే. రూమ్ రెంట్ పరిమితి రోజుకు 5,000 అయితే 7,000 గది తీసుకున్నాను. పోయేది రోజుకు రెండు వేలే అనుకున్నా. కానీ అదే నిష్పత్తిలో సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ కూడా కోశారు. మందులు, పరీక్షల మీద ఆ కోత పడలేదు.

ఆ తర్వాత మాత్రం పాలసీతో ఇబ్బంది రాలేదు. బరువు వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వస్తాయని ముందే చెప్పారు. 2023లో వచ్చాయి కూడా. ఆ ఆపరేషన్‌కి క్యాష్‌లెస్ అదే రోజు ఇచ్చారు. ఏటా రెన్యువల్ చేశారు, క్లెయిమ్ చేశామని ఆపలేదు. కానీ 2024లో పాలసీని వేరే కంపెనీకి పోర్ట్ చేద్దామంటే (మార్చుకుందామంటే), డిశ్చార్జ్ సమ్మరీ చూసి వాళ్లు వద్దన్నారు. ఆపరేషన్ అయ్యాక ఉన్న పాలసీని వదులుకోకండి.

మా పాలసీలో డిశ్చార్జ్ అయిన 60 రోజుల తర్వాత ఖర్చంతా మనదే. బీ12, ఐరన్, విటమిన్ డీ, ప్రొటీన్ పౌడర్, ఆరు నెలలకోసారి రక్తపరీక్షలు, ఇవి జీవితాంతం ఉంటాయి. నాకు నెలకు రెండు వేలకు తక్కువ కాదు. ఏజెంట్ గానీ ఆసుపత్రి గానీ ఈ లెక్క ముందు చెప్పలేదు. చెప్పాలి. డబ్బు చాలక విటమిన్లు మానేస్తే రక్తహీనత నుంచి నరాల జబ్బు దాకా వస్తాయి.

ఇప్పుడు నా బరువు 68. ఇన్సులిన్ మానేసి మూడేళ్లు దాటింది, ఒక మాత్ర మిగిలింది. రాత్రిళ్లు మా వారు కూడా నిద్రపోతున్నారు.

మా చెల్లికి డాక్టర్ ఇదే ఆపరేషన్ చెప్పారు. తన పాలసీకి వెయిటింగ్ ఇంకా ఎనిమిది నెలలుంది. మొన్న తనతో వెళ్లి, చెప్పులు విప్పించి, గోడకు నిలబెట్టి రెండుసార్లు ఎత్తు కొలిపించాను. 155. డాక్టర్ చేత అదే అంకె వేయించి, సంతకం, తేదీ చూసుకుని ఫైలులో మొదటి కాగితంగా పెట్టాం.