సిటీ డబ్బులతో ఇచ్చే ఫ్రీ నలోక్సోన్ కిట్: 4/5

సిటీ ఫండింగ్‌తో నడిచే సెంటర్లో నలోక్సోన్ కిట్ తీసుకున్నా (హెరాయిన్, ఫెంటానిల్ లాంటి ఓపియాయిడ్ మత్తుమందులు ఓవర్‌డోస్ అయి ఊపిరి ఆగిపోతుంటే మనిషిని తిరిగి లేపే మందు ఇది), ఐడీ అడగలేదు, ఎవరికోసం అని కూడా అడగలేదు, అదే సగం రిలీఫ్. లోపల 4 మిల్లీగ్రాముల నలోక్సోన్ నాసల్ స్ప్రేలు రెండు, గ్లవ్స్, బొమ్మలతో ఒక కాగితం. ట్రైనింగ్ ఇచ్చినావిడ భలే చెప్పింది, మనిషి పిలిచినా లేవట్లేదు, ఊపిరి సరిగ్గా ఆడట్లేదు, పెదాలు నీలంగా అయ్యాయంటే అంబులెన్స్‌కి ఫోన్ కొట్టి ఒక ముక్కు రంధ్రంలో స్ప్రే మొత్తం నొక్కేయాలి, పనిచేస్తుందా లేదా అని ముందే గాల్లోకి కొట్టి చూడొద్దు, ఒక్కో స్ప్రేలో ఉండేది ఒక్క డోసే మరి. 2-3 నిమిషాల్లో ఊపిరి అందుకోకపోతే రెండోది. లేచాడు కదా అని వదిలేసి వెళ్ళకూడదు, దీని పవర్ 30 నుంచి 90 నిమిషాలే, ఒంట్లో ఉన్న ఓపియాయిడ్ అంతకన్నా ఎక్కువసేపు ఉంటే ఊపిరి మళ్ళీ ఆగొచ్చు. వేరే రకం డ్రగ్ అయితే పనిచేయదు, అలాగని హానీ చేయదు.

మైనస్ ఏంటంటే డబ్బులు ఏ ఏడాదికాయేడు గ్రాంటే, అది అయిపోయే టైమ్‌కి కిట్లు ఖాళీ, బోర్డు మాత్రం అలాగే ఉంటుంది. పైగా సాయంత్రానికే మూసేస్తారు, ఓవర్‌డోస్ ఏమన్నా ఆఫీస్ టైమింగ్స్ చూసుకుని వస్తుందా? తీసుకునేటప్పుడు ఎక్స్‌పైరీ డేట్ చూసుకోండి, ఎండలో కార్లో మాత్రం వదిలేయకండి.