థండర్ బేసిన్, షర్లీ బేసిన్: వయోమింగ్‌లో రెండు ప్రాంగ్‌హార్న్ వేట యాత్రలు

కంచెకు ఇవతల మేము నిలబడి ఉన్నాము. అవతల, రెండు వందల గజాల దూరంలో, జింకలా కనిపించే ముప్పై ప్రాంగ్‌హార్న్‌లు నిశ్చింతగా మేస్తున్నాయి. వాటి కాళ్ల కింది నేల ఒక ర్యాంచ్ యజమానిది, మా కాళ్ల కింది నేల ప్రభుత్వానిది. 2023 అక్టోబరులో, అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, డగ్లస్ ఊరికి ఉత్తరాన ఉన్న థండర్ బేసిన్ గడ్డిభూముల్లో, మా బావమరిదితో కలిసి చేసిన మొదటి వేటలో ఎక్కువ భాగం ఇలాగే గడిచింది. 2025లో మళ్లీ అతడితోనే షర్లీ బేసిన్‌కు వెళ్లి వచ్చాక, ఈ రెండింటినీ పోల్చి చెప్పగలిగిన స్థితికి వచ్చాను.

ఇది మన కృష్ణజింకేనా అని మనవాళ్లకు ముందుగా ఒక సందేహం వస్తుంది. ప్రాంగ్‌హార్న్ మన కృష్ణజింక కాదు, నిజానికి జింక జాతే కాదు. దాని కుటుంబంలో నేటికి మిగిలిన ఏకైక జీవి అది, ఏటా కొమ్ము పైతొడుగును రాల్చుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతుంటే, ఇక్కడ ప్రాంగ్‌హార్న్‌ను లెక్కగట్టి ఇచ్చే లైసెన్సులే కాపాడుతున్నాయి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అంతరించిపోయే దశకు చేరిన ఈ జంతువు తిరిగి నిలదొక్కుకోవడంలో, 1937 చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలై వన్యప్రాణుల సంరక్షణకు వెళ్లే పన్నుకూ పెద్ద పాత్రే ఉంది. ఇది తెలుసుకున్న తరువాతనే నేను వేటకు ఒప్పుకున్నాను.

లైసెన్సు కోసం వయోమింగ్ వన్యప్రాణి శాఖకు వేసవిలోనే దరఖాస్తు చేయాలి; డ్రాలో పేరు వస్తే ఫలానా వేట ప్రాంతానికి మాత్రమే అది చెల్లుతుంది. 1966 జనవరి 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు వేట శిక్షణ ధ్రువపత్రం చూపాలి. మా బావమరిది హెచ్1బి వీసా మీద ఉన్నాడు. అటువంటివారు తుపాకి చేతపట్టడాన్ని కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తుంది గాని, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఇస్తుంది. అందుచేత లైసెన్సు చేతికి అందేవరకు అతడు తుపాకిని ముట్టుకోలేదు. ఈ సంగతిని ఎవరూ తేలికగా తీసుకోవద్దని నా మనవి.

డెన్వర్ నుంచి డగ్లస్‌కు సుమారు 230 మైళ్లు, దారంతా హైవే. థండర్ బేసిన్ అటవీ శాఖ ఆధీనంలోనిది. 1930లలో కరువుకు చితికిపోయిన రైతుల నుంచి ప్రభుత్వం తిరిగి కొన్న పొలాలే ఈ గడ్డిభూములు. ఆ కొనుగోలు అతుకులుగా జరిగినందువల్ల నేటికీ ప్రభుత్వ భూమి, ప్రైవేటు భూమి పేకముక్కల్లా కలిసిపోయి ఉంటాయి. ఏ భూమి ఎవరిదో చూపే ఆన్‌ఎక్స్ మ్యాపును ముందుగానే ఫోనులోకి దింపుకోకపోయి ఉంటే మేము ఒక్క అడుగు కూడా ధైర్యంగా వేయగలిగేవాళ్లం కాదు, ఎందుకంటే ఊరు దాటాక సిగ్నల్ దాదాపు ఉండదు. పైగా తొలిరోజున ప్రతి గేటు దగ్గరా వేరే వేటగాళ్ల పికప్ ట్రక్కు ఒకటి నిలిచి ఉంది. మూడు రోజుల తరువాత వట్టి చేతులతో తిరిగి వచ్చాము.

షర్లీ బేసిన్ కాస్పర్‌కు దక్షిణాన ఉంది. ఇక్కడ భూ నిర్వహణ శాఖ ఆధీనంలోని భూములు విశాలంగా, ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తాయి. మెడిసిన్ బో వైపు వెళ్లేకొద్దీ మాత్రం రైల్వే కోసం 19వ శతాబ్దంలో ఒకటి విడిచి ఒకటిగా ఇచ్చిన చదరపు మైళ్ల గళ్లు మొదలవుతాయి. రెండు ప్రభుత్వ గళ్లు మూలల దగ్గర మాత్రమే కలిసే చోట, ప్రైవేటు భూమిని తాకకుండా కాలినడకన దాటవచ్చని 2025 మార్చిలో పదో సర్క్యూట్ అనే కేంద్ర అప్పీళ్ల న్యాయస్థానం తీర్పునిచ్చింది. అయినా మేము ఆ మూలల జోలికి పోలేదు. పోవలసిన అవసరమే రాలేదు.

బస విషయంలో నా అభిప్రాయం స్పష్టం. మొదటిసారి దిగిన మోటెల్‌లో గది శుభ్రంగానే ఉంది గాని, మాంసం చల్లబరచడానికి ఫ్రీజరు ఉందని ఫోనులో చెప్పిన మాట నిలబెట్టుకోలేదు. తెల్లవారకముందే గంటసేపు కారు నడపవలసి రావడం మరొక ఇబ్బంది. రెండోసారి ప్రభుత్వ భూమిలోనే టెంటు వేసుకున్నాము. సాధారణంగా అక్కడ పద్నాలుగు రోజుల వరకు ఉచితంగా ఉండనిస్తారు. నీళ్లు, మరుగుదొడ్డి, చెట్టు నీడ ఏవీ ఉండవు. గాలి రాత్రంతా టెంటును ఊపేసింది. నీటి డబ్బా పొద్దుటికి గడ్డకట్టింది. అయినా సూర్యోదయానికి అరగంట ముందు, వేట సమయం మొదలయ్యే వేళకు, మేము ఉండవలసిన చోటే ఉన్నాము.

గంటకు 50 మైళ్లకు పైగా పరుగెత్తే జంతువును వెంబడించి లాభం లేదు. దాని కంటిచూపు కూడా చాలా గొప్పది కనుక, ఒక ఎండిన వాగులో ఘాటు వాసన ఉండే సేజ్ పొదల మధ్య అరమైలు దూరం మోకాళ్ల మీద పాకి, 180 గజాల దూరం నుంచి నేను ఒకే గుండు కాల్చాను. మగ జంతువు నాలుగు అడుగులు వేసి కూలిపోయింది. దాని దగ్గరికి వెళ్లి, ఇంకా వెచ్చగా ఉన్న మెడ మీద చెయ్యి వేసినప్పుడు నా గొంతు పూడుకుపోయింది. కొంతసేపు మేమిద్దరం మాట్లాడుకోలేదు.

ఆ వెంటనే చేయవలసిన పని చాలా ఉంటుంది. లైసెన్సు కూపనులో తేదీ నింపి సంతకం చేసి, పేగులు తీసి, చర్మం ఒలిచి, గంటలోపే మాంసాన్ని ఐసులోకి చేర్చాము. ప్రాంగ్‌హార్న్ మాంసం సేజ్ వాసన కొడుతుందని చాలామంది అంటారు. ఆలస్యంగా చల్లబరచడమే అందుకు ముఖ్య కారణమని నా నమ్మకం. మాంసం కోసి పొట్లాలు కట్టే దుకాణం ఒకదానిలో అడిగితే వారం పడుతుందన్నారు, కాబట్టి ఇంటికి తెచ్చి మేమే కోసుకున్నాము. మిరియాలు, అల్లం, ఉల్లిపాయ మాత్రమే వేసి మా అక్క చేసిన వేపుడులో ఏ వాసనా లేదు. లేత మేక మాంసం కన్నా మెత్తగా ఉంది.

వచ్చే వేసవి దరఖాస్తులో షర్లీ బేసిన్‌నే మొదటి ఎంపికగా రాస్తాము. ఈసారి రెండు ఐసుపెట్టెలు, గాలికి తట్టుకునే బరువైన టెంటు, తలా పది గ్యాలన్ల నీళ్లు తీసుకువెళ్తాము.