ఒంటి తనిఖీకి ఏది మేలు: మెటల్ డిటెక్టరా, ఎక్స్‌రేనా, మిల్లీమీటర్ తరంగాలా, టెరాహెర్ట్జా?

మా అమ్మకు రెండు మోకాళ్లూ మార్పించాం. అప్పటినుంచీ ఆమె విమానం ఎక్కబోయిన ప్రతిసారీ ఒకటే వరస. డోర్‌ఫ్రేమ్ మెటల్ డిటెక్టర్ మోగుతుంది, పక్కకు రమ్మంటారు, తెర వెనక్కి తీసుకెళ్లి పైనుంచి కిందిదాకా తడిమి చూస్తారు. ఆపరేషన్ కాగితాలు చూపించినా ఆగదు. ఒకసారి బయటికి వచ్చాక కళ్లనిండా నీళ్లతో "నేనేం తప్పు చేశానమ్మా?" అంది. ఒంటి తనిఖీ యంత్రాల గురించి చదవడం ఆ రోజే మొదలుపెట్టాను.

మెటల్ డిటెక్టర్ సంగతి తొందరగా తేల్చేయొచ్చు. అది అయస్కాంత క్షేత్రంతో లోహాన్ని మాత్రమే పట్టుకుంటుంది. నడుముకు కట్టిన డబ్బుకట్టలు, పౌడర్ పొట్లాలు, ప్లాస్టిక్ పేలుడు పదార్థం దాని కంట పడవు. 2009 డిసెంబర్ 25న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్లే విమానంలోకి ఉమర్ ఫరూక్ అబ్దుల్ ముతల్లబ్ లోదుస్తుల్లో పేలుడు పదార్థం కుట్టుకుని ఎక్కాడు. అది సరిగ్గా పేలలేదు కాబట్టి విమానంలో ఉన్నవాళ్లు బతికారు. ఏ నేరం చేయని మా అమ్మ మోకాలికి మోగే యంత్రం అలాంటివాడికి మోగదు. చవక, వేగం తప్ప దానికి నేను వేరే మార్కులు వేయలేను.

ఆ ఘటన తర్వాత అమెరికా, బ్రిటన్ హడావిడిగా బాడీ స్కానర్లు పెంచాయి. వాటిలో కొన్ని ఎక్స్‌రేవి. ఇక్కడ రెండు రకాల్ని కలిపేయకూడదు. మొదటిది ఒంటిని తాకి వెనక్కి చెదిరిన కిరణాలతో బొమ్మ గీస్తుంది. ఒక్క స్కాన్‌కు పడే రేడియేషన్ 0.1 మైక్రోసీవర్ట్ లోపే, అంటే ఎత్తులో ఎగిరే విమానంలో రెండు మూడు నిమిషాలు కూర్చుంటే పడేంత. చాలా తక్కువే, ఒప్పుకుంటాను. కానీ అవసరం లేని ఎక్స్‌రే ఎంత తక్కువైనా కోట్లమంది మీద, గర్భిణుల మీద, పసిపిల్లల మీద ఎందుకు వేయాలన్న ప్రశ్నకు సరైన జవాబు రాలేదు. 2011లో యూరోపియన్ యూనియన్ తన ఎయిర్‌పోర్టుల్లో వాటిని వద్దంది. అమెరికాలో వేరే కారణంతో పోయాయి: ఒంటి బొమ్మకు బదులు మామూలు మనిషి ఆకారం చూపించే సాఫ్ట్‌వేర్‌ను గడువులోగా ఇవ్వలేకపోయారు, దాంతో 2013లో తీసేశారు. నిజంగా ఒళ్లు కనిపించే ఆ బొమ్మల్ని అన్నాళ్లు భరించడమే ఎక్కువ.

రెండోది ఆస్పత్రి ఎక్స్‌రేలాగా ఒంట్లోంచి దూసుకెళ్లేది. దీని పని ఇంకే యంత్రమూ చేయలేదు. శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లు కొకైన్ క్యాప్సూల్స్ మింగి వచ్చినవాళ్లను పట్టుకున్నారు, మలద్వారంలో బంగారం పేస్టు దాచుకున్నవాళ్లను పట్టుకున్న వార్తలైతే తరచూ చూస్తూనే ఉన్నాం. చర్మం దాటి లోపల ఉన్నది ఏమిటో ఎక్స్‌రేకే కనిపిస్తుంది. అందుకే మన 1962 నాటి కస్టమ్స్ చట్టంలో దీనికి వేరే దారి పెట్టారు: 103వ సెక్షన్ ప్రకారం లోపల దాచాడన్న అనుమానానికి తగిన కారణం ఉండాలి. 2019 సవరణ తర్వాత, ఆ మనిషి ఒప్పుకుంటే డిప్యూటీ లేదా అసిస్టెంట్ కమిషనర్ అనుమతితో స్కాన్ చేయొచ్చు, లేకపోతే ఎక్స్‌రేకు మేజిస్ట్రేట్ ఆదేశం కావాలి. 102వ సెక్షన్ ఇంకో మాట గట్టిగా చెబుతుంది, ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలని. అనుమానం ఉన్న ఒకరిద్దరికి ఎక్స్‌రే, వరసలో నిలబడ్డ అందరికీ కాదు. ఆ గీత చెరగకూడదు.

ఇక మిల్లీమీటర్ తరంగాలు, అంటే పొడవు మిల్లీమీటర్లలో ఉండే రేడియో తరంగాలు. గాజు గదిలో చేతులెత్తి నిలబడితే రెండు మూడు సెకన్లలో పని అయిపోయేది ఇదే. కొన్ని 24 నుంచి 30 గిగాహెర్ట్జ్ దగ్గర, కొన్ని 70 నుంచి 80 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి (ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు వంద కోట్ల కంపనాలు). ఈ తరంగాల్ని 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ జనం ముందు ప్రదర్శించారు. గోడ అవతల గంట మోగించి, తుపాకీమందు పేల్చి చూపించారు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. బట్ట వీటికి అడ్డు కాదు. చర్మంలో నీరు ఉంటుంది కాబట్టి అక్కడికి రాగానే ఆగి వెనక్కి తిరుగుతాయి. చర్మం కింద ఉన్నది కనిపించదు. అంటే లోహపు మోకాలికి అలారం ఉండదు! పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు కూడా మెటల్ డిటెక్టర్ కంటే ఇదే నయం. సెల్‌ఫోన్ కంటే ఎన్నో రెట్లు తక్కువ శక్తి, ఎక్స్‌రేలా అణువుల్ని విడగొట్టేంత బలం లేదు.

లోపం తప్పుడు అలారాలు. 2010–11లో హాంబర్గ్ ఎయిర్‌పోర్టులో దాదాపు 8 లక్షల మంది మీద పరీక్షించాక జర్మనీ అప్పటికి వెనక్కి తగ్గింది. బట్టల మడతలు, చంకల్లో చెమట కూడా ఆయుధాల్లా కనిపించాయి. మన చీర కుచ్చిళ్లు, జరీ అంచు, తలపాగా సంగతి ఇక ఆలోచించండి. భుజం పట్టేసిన పెద్దవాళ్లు చేతులు పైకెత్తలేరు, వాళ్లకు మళ్లీ చేతి తనిఖీయే. యంత్రం కొనేముందు చీర కట్టిన ఆడవాళ్లతో, ఎండాకాలంలో, మన దగ్గరే పరీక్షించాలి. 2019లో విమానయాన భద్రతా విభాగం 84 ఎయిర్‌పోర్టులకు ఏడాదిలోగా స్కానర్లు పెట్టమని చెప్పింది, ఆ గడువు దాటిపోయి ఏళ్లు గడిచాయి.

టెరాహెర్ట్జ్ దీని పైమెట్టు. ఒక టెరాహెర్ట్జ్ అంటే సెకనుకు లక్ష కోట్ల కంపనాలు. తరంగం పొడవు తగ్గేకొద్దీ బొమ్మలో వివరం పెరుగుతుంది. ఆర్డీఎక్స్ అనే పేలుడు పదార్థం 0.82 టెరాహెర్ట్జ్ దగ్గర ప్రత్యేకంగా తరంగాన్ని మింగుతుంది, వేలిముద్రలాగా. అందుకే "దాచింది ఏమిటో కూడా చెబుతుంది" అని ప్రచారం చేస్తారు. ల్యాబ్‌లో నిజమే. మందపాటి బట్టలు, గాలిలో తేమ, కదిలే మనిషి మధ్య ఆ వేలిముద్ర చదవడం వేరే సంగతి. ఆ మాట నమ్మి యంత్రం కొనకూడదు.

గేటు దగ్గర నిజంగా వాడుతున్న టెరాహెర్ట్జ్ యంత్రాలు ఎక్కువగా ఏ తరంగాన్నీ పంపవు. మన ఒంటి వేడి నుంచి సహజంగా వచ్చే తరంగాల్నే దూరం నుంచి కెమెరాలాగా చూస్తాయి. మధ్యలో ఏదైనా అడ్డుంటే అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. 2018లో లాస్ ఏంజెలెస్ మెట్రో ఇలాంటివి కొంటున్నట్టు ప్రకటించింది. మనిషి ఆగక్కర్లేదు, చేతులెత్తక్కర్లేదు, ఒంటి ఆకారం వివరంగా కనిపించదు. మర్యాద విషయంలో దీన్ని మించింది లేదు. సన్నటి బ్లేడు దొరకదు గానీ నడుముకు కట్టిన మూట దొరుకుతుంది.

కానీ అసలు చిక్కు ఎండ. ఒంటికి, చుట్టూ ఉన్నవాటికి వేడిలో తేడా ఉంటేనే ఈ బొమ్మ ఏర్పడుతుంది. చర్మం సుమారు 33, 34 డిగ్రీలు. పశ్చిమ బెంగాల్‌లో బంగ్లాదేశ్ వైపు ఉన్న పెట్రాపోల్ సరిహద్దులో మే నెల మధ్యాహ్నం గాలి కూడా అంతే వేడి. తేడా పోతే మచ్చా పోతుంది. లండన్‌లో బాగా పనిచేసింది కదా అని తెచ్చి రేకుల షెడ్డులో పెడితే డబ్బు వృథా, పైగా భద్రత ఉందన్న భ్రమ.

నా లెక్క ఇది. విమానం ఎక్కేచోట చిన్న వస్తువు కూడా ప్రాణాల మీదికి తెస్తుంది కాబట్టి అందరికీ మిల్లీమీటర్ తరంగాల గది. బస్సులు దిగి వందలమంది సామాన్లతో నడిచే భూసరిహద్దులో ఎక్కువగా వెతికేది ఒంటికి కట్టుకున్న బంగారం, డబ్బు, మత్తుమందు. అక్కడ ఏసీ హాలు కట్టగలిగితే ముందు దూరం నుంచి చూసే టెరాహెర్ట్జ్ కెమెరా, మచ్చ కనిపించినవాళ్లకే గది. ఏసీ కట్టలేకపోతే నేరుగా గదే మేలు. రెంటిలోనూ బొమ్మ నిల్వ ఉంచకుండా చెరిపేయాలి, యంత్రం వద్దన్నవాళ్లకు చేతి తనిఖీ అడిగే హక్కు ఉండాలి.

పోయినసారి అమెరికాలో అమ్మ ఆ గదిలోకి వెళ్లింది. నేనే టెన్షన్‌తో అవతల నిలబడ్డాను. తెరమీద మామూలు మనిషి ఆకారం వచ్చింది, మోకాళ్ల దగ్గర ఏ గుర్తూ లేదు. మెడ వెనక జుట్టు ముడి దగ్గర మాత్రం చిన్న పసుపు పెట్టె పడింది. ఒక ఆడ ఉద్యోగి వచ్చి ముడి వరకే తాకి చూసి, వెళ్లమంది. అమ్మ చెప్పులు వేసుకుంటూ "మోకాళ్ల గురించి అడగనేలేదే!" అంది.