నోటి దుర్వాసనకు స్టానస్ ఫ్లోరైడ్ పేస్టు: నల్గొండ నుంచి ఒక సమీక్ష

ఫ్లోరైడ్ అనే మాట చూడగానే పేస్టు డబ్బాను తిరిగి అరలో పెట్టేసేవారు మా జిల్లాలో ఉంటే, వారి భయాన్ని నేను తేలికగా తీసిపారేయలేను. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఎక్కువైన బోరునీళ్ళు పళ్ళ మీద మచ్చలు వేసి, ఎముకలను దెబ్బతీసిన సంగతి (దీన్నే ఫ్లోరోసిస్ అంటారు) ఇక్కడివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఆ హాని, ఏళ్ళ తరబడి తాగిన నీటితో కడుపులోకి చేరిన ఫ్లోరైడ్ వల్ల కలిగింది. పేస్టులోని ఫ్లోరైడ్ పంటి పైపొర మీద పనిచేసి, ఉమ్మివేయగానే చాలావరకు బయటికి పోతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదంటూనే పేస్టులో 1000 పీపీఎం (కిలోకు 1000 మిల్లీగ్రాములు) వరకు అనుమతించడానికి కారణం ఇదే.

ఇక దుర్వాసన సంగతి. నాలుక మీద, చిగుళ్ళ సందుల్లో ఉండే బ్యాక్టీరియా ప్రొటీన్లను విడగొట్టినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి గంధక వాయువులు పుడతాయి. సాధారణ పేస్టుల్లో ఉండే సోడియం ఫ్లోరైడ్, మోనోఫ్లోరోఫాస్ఫేట్ ముఖ్యంగా పుచ్చును అడ్డుకుంటాయి. పళ్ళకు గుంతలు పడి వాటిలో ఆహారం కుళ్ళకుండా చూస్తాయి కనుక వాసన విషయంలో వాటి మేలు పరోక్షమైనది. స్టానస్ ఫ్లోరైడ్‌లోని తగరం మాత్రం ఆ బ్యాక్టీరియానే అణచివేస్తుంది. నేను దీనిని ఎంచుకున్నది అందుకే, వాడాక సంతృప్తి కలిగిందీ అందులోనే. పుదీనా ఘాటు తగ్గిపోయాక కూడా నోరు శుభ్రంగా అనిపిస్తుంది, తెల్లవారి లేచినప్పటి వాసన మునుపటికంటే స్పష్టంగా తగ్గింది. రాత్రి పడుకునేముందు తోముకోవడమే ఎక్కువ ఫలితమిచ్చింది, ఎందుకంటే నిద్రలో లాలాజలం తగ్గి బ్యాక్టీరియాకు అనువుగా ఉంటుంది.

లోపాలు లేకపోలేదు. రుచి కొంచెం వగరుగా, నాలుకకు లోహం తగిలినట్టు ఉంటుంది. ధర మామూలు పేస్టుకంటే ఎక్కువ. కొందరికి పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడవచ్చు. ఇవి పైపైవి, దంతవైద్యులు శుభ్రం చేస్తే పోతాయి, ఫ్లోరోసిస్ మచ్చల్లా పంటిలో భాగమైనవి కావు. అయినా ఇప్పటికే మచ్చలున్న పళ్ళతో చిన్నబుచ్చుకునేవారికి ఈ సంగతి ముందే తెలియాలి.

పచ్చిపులుసులోని ఉల్లిగడ్డ వాసన మీద ఈ పేస్టు అంతగా పనిచేయదు, ఎందుకంటే ఆ వాసన కొంత రక్తంలో కలిసి ఊపిరి ద్వారా వస్తుంది. నాలుకబద్దతో నాలుక గీసుకోకపోతే పేస్టు ఎంత మంచిదైనా సగం పనే చేస్తుంది. చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంటే, గార పేరుకుపోయి ఉంటే పేస్టులు మార్చుతూ కాలం గడపక దంతవైద్యుణ్ణి కలవాలి.

చిన్నపిల్లల విషయంలో నా సిఫారసు వేరు. మూడేళ్ళలోపు వారికి బియ్యపు గింజంత, ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత పేస్టు మించకూడదు, మింగకుండా పెద్దలు దగ్గర ఉండి చూడాలి; ఇంట్లో ఇప్పటికీ బోరునీళ్ళే తాగుతున్నట్లయితే వారికి ఏ ఫ్లోరైడ్ పేస్టు కొనేముందైనా దంతవైద్యుణ్ణి అడగండి.