ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ ఏడేళ్ళు ఆడాక: దీని కష్టాన్ని తగ్గించొద్దు

2018 అక్టోబర్ చివర్లో ఈ ఆన్‌లైన్ గేమ్ ఫోన్లోకి వచ్చినప్పుడు మొదలుపెట్టాను. అప్పుడు వరంగల్‌లో హాస్టల్లో ఉండేవాణ్ణి, ల్యాప్‌టాప్ లేదు, ఉన్న ఫోన్‌లో గ్రాఫిక్స్ బరువుగా ఉండే గేమేదీ నడిచేది కాదు. ఇది నడిచింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం, మంచి కంప్యూటర్ ఉంది, మధ్యలో ఎన్నో గేములు ఎక్కించి తీసేశాను, ఇది మాత్రం అదే అకౌంట్‌తో ఇంకా ఆడుతున్నాను. ఎందుకంటే ఇందులో ఏదీ ఊరికే రాదు.

కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట. రూన్‌స్కేప్‌ని చేసేది కేంబ్రిడ్జ్‌లో ఉన్న జాగెక్స్. 2012లో అసలు గేమ్‌లో పోరాట పద్ధతి మొత్తం మార్చేశారు, పాత ఆటగాళ్ళకి అది నచ్చలేదు, పాతదే కావాలని పట్టుబట్టారు. దాంతో 2007 ఆగస్టు నాటి బ్యాకప్‌ని బయటికి తీసి 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ పేరుతో విడిగా పెట్టారు.

డబ్బు కట్టకుండా ఆడేవాళ్ళకి పెద్ద పరీక్ష డ్రాగన్ స్లేయర్ క్వెస్ట్. బాణం గుర్తులుండవు, "ఇక్కడికి వెళ్ళు" అని మెరిసే గీతలుండవు. మ్యాప్ మూడు ముక్కలై మూడుచోట్ల ఉంటుంది. ఒక ముక్క కోసం మంచుకొండ మీదున్న ఒరాకిల్ ఒక పొడుపుకథ చెబుతుంది, దాన్ని విప్పుకుని పట్టు గుడ్డ, రొయ్యల బుట్ట, కాల్చని మట్టి గిన్నె, ఒక మద్యం పోగేసి ఆ ముక్క దాచిన తలుపు దగ్గరికి తీసుకెళ్ళాలి. తర్వాత 2000 నాణేలు పెట్టి పాత ఓడ కొనాలి, దాని చిల్లు మనమే పూడ్చుకోవాలి, నడిపేవాణ్ణి వెతుక్కోవాలి, అప్పుడుగానీ ఎల్వార్గ్ అనే డ్రాగన్ ఉన్న దీవికి చేరలేం. మంటను ఆపే డాలు లేకుండా వెళ్తే అక్కడే బూడిద. నాకు నాలుగు రోజులు పట్టింది, హాస్టల్ మెస్‌లో అన్నం తింటూ కూడా ఆ పొడుపుకథే ఆలోచించాను. అది గెలిచాకే రూన్ ప్లేట్‌బాడీ వేసుకోనిస్తారు. సంత దగ్గర దాన్ని వేసుకుని నిలబడ్డ ప్రతివాడూ ఆ ఓడ ఎక్కినవాడే అని మనకి తెలుసు, ఆ కవచానికి విలువ అక్కడినుంచి వచ్చింది.

ఇక ఫైట్ కేవ్స్, అంటే వేవ్‌లుగా, గుంపు తర్వాత గుంపుగా వచ్చే రాక్షసులతో ఒంటరిగా పోరాడే గుహ. 62 వేవ్‌లు దాటితే 63వదిగా జాడ్ అనే పెద్ద రాక్షసుడు ఒక్కడే వస్తాడు. ఒక్క దెబ్బ 97 దాకా పడుతుంది, మన ప్రాణం లెవెల్ ఎంత పెంచినా 99. ముందుకాళ్ళు గాల్లోకి లేపితే మ్యాజిక్, నేలకేసి కొడితే పైనుంచి బండ. కాళ్ళు చూసి ఆ దెబ్బని ఆపే సరైన ప్రేయర్ (రక్షణ మంత్రం లాంటిది) పెట్టాలి, తప్పితే గంటన్నర శ్రమ పోయినట్టే. సగం ప్రాణం తగ్గగానే వాడికి నయం చేసేవాళ్ళు నలుగురు దిగుతారు, ఒక్కొక్కణ్ణీ కొట్టి మనవైపు తిప్పుకోవాలి, ఆ నలుగురూ మీద పడుతుంటే కూడా జాడ్ కాళ్ళమీంచి కన్ను తియ్యకూడదు. నేను మొదటి మూడుసార్లూ ఆ నలుగురు వచ్చినప్పుడే చచ్చాను. ఇందులో వేగంగా వేళ్ళు ఆడించడం అసలు విషయం కాదు. గేమ్ మొత్తం 0.6 సెకన్ల టిక్కుల మీద నడుస్తుంది, అంటే ప్రతి పనీ ఆ అడుగుల్లోనే జరుగుతుంది, అందుకే ఇక్కడినుంచి జర్మనీ సర్వర్లో కొంచెం లాగ్‌తో ఆడినా గెలవొచ్చు. భయపడకుండా చూడటం నేర్చుకోవాలి, అంతే. నాలుగోసారి వాడు పడిపోయినప్పుడు నా చేతులు వణుకుతున్నాయి, రాత్రి రెండున్నర, గదిలో పడుకున్నవాళ్ళని లేపి చెప్పాను. జాడ్‌ని గెలిస్తే వచ్చే ఫైర్ కేప్‌ని ఇంకొకరి దగ్గర కొనలేం, ఎవరికీ అమ్మలేం. ఇది ఎప్పటికీ ఇలాగే ఉండాలని నా కోరిక.

మా బాబాయి కొడుకు పోయినేడాది మొదలుపెట్టాడు. "అన్నా, జాడ్ కాళ్ళు చూసేలోపే పోయా, దీన్ని కొంచెం ఈజీ చేస్తే ఏం పోతుంది?" అని ఫోన్ చేశాడు. తర్వాతి వారమే, పదింటికి, వీడియో కాల్‌లో ఆ కేప్ చూపించాడు. ఈజీ చెయ్యమన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండేళ్ళ కిందట స్నేహితులు పిలిస్తే ఇంకో మొబైల్ ఆర్పీజీలో చేరాను. ఆటో బటన్ నొక్కితే అదే నడుస్తుంది, అదే కొడుతుంది, అదే క్వెస్ట్ అప్పగిస్తుంది. భోంచేసి వచ్చేసరికి లెవెల్ పెరిగి ఉండేది. నాలుగు నెలలాడాను, ఒక్క రాక్షసుడి పేరు కూడా గుర్తులేదు. ఎవరైనా ఆగిపోతే సాయం అడగాల్సిన అవసరమే లేదు కాబట్టి గిల్డ్‌లో ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఇక్కడ జాడ్ దగ్గర ఓడిపోతే ముక్కూమొహం తెలియనివాళ్ళు కూర్చోబెట్టి నేర్పిస్తారు. నాకు ప్రేయర్ మార్చడం నేర్పినతను ఏ దేశంవాడో ఇప్పటికీ తెలియదు.

"ఉద్యోగాలు, పిల్లలు ఉన్నవాళ్ళకి టైమ్ ఎక్కడిది" అనే మాట నిజమే, నాకూ ఇప్పుడు రోజుకి గంట దొరికితే గొప్ప. కానీ కష్టం వేరు, సాగదీత వేరు. ఒక స్కిల్ గరిష్ఠ లెవెల్ 99కి 1,30,34,431 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలి, 92కి చేరితే అందులో సగం అయినట్టు. అజిలిటీ అనే స్కిల్ కోసం అవే పైకప్పుల మీద వందల గంటలు గెంతడంలో నాకు ఏ సవాలూ కనిపించలేదు, సగం క్రికెట్ చూస్తూ చేశాను. అలాంటిచోట గంటలు తగ్గిస్తామంటే సంతోషంగా ఒప్పుకుంటాను. జాడ్ దెబ్బ 97 నుంచి 50 చేస్తామంటే మాత్రం ఒప్పుకోను.

ఒప్పుకోను అనే మాటకి ఇక్కడ బలం ఉంది, అదే నాకు ఈ గేమ్‌లో అన్నిటికన్నా నచ్చేది. పెద్ద మార్పులకి ఆటగాళ్ళ ఓటు అడుగుతారు. ముందు 75 శాతం కావాల్సి ఉండేది, 2022లో 70 చేశారు. 2019లో వార్డింగ్ అనే కొత్త స్కిల్ ఓట్లు చాలక ఆగిపోయింది. సెయిలింగ్ అనే స్కిల్‌కి ఓట్లు వచ్చాయి, 2025 నవంబర్లో దిగింది. బాండ్లు మాత్రం నాకు ఇప్పటికీ ఇబ్బందే: అసలు డబ్బుతో కొని గేమ్ బంగారానికి అమ్ముకోవచ్చు, కాబట్టి జేబు బరువున్నవాడు మంచి ఆయుధంతోనే మొదలుపెట్టగలడు. అయినా గుహలోకి వెళ్ళాక జాడ్ కాళ్ళు చూడాల్సింది వాడే.

నేనిప్పుడు ఇన్‌ఫెర్నో అనే ఇంకా కష్టమైన గుహలో ఉన్నాను. 69 వేవ్‌లు, చివర జుక్ అనే రాక్షసుడు. 63 దాకా వచ్చి రెండుసార్లు పోయాను. మీరు ఫోన్లో మొదటిసారి ఫైట్ కేవ్స్‌కి వెళ్తుంటే ఛార్జర్ పెట్టుకుని కూర్చోండి, కాల్స్ రాకుండా చూసుకోండి, ప్రేయర్ ట్యాబ్ ముందే తెరిచి ఉంచండి. మధ్యలో లేవాల్సి వస్తే లాగౌట్ ఒక్కసారి నొక్కండి, ఆ వేవ్ అయ్యాక బయటికి పంపుతుంది, తిరిగొచ్చి అక్కడినుంచే కొనసాగించవచ్చు.