ఆకు మేలా, ఆకులోంచి తీసిన మందు మేలా?

వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగే మెసేజ్ ఒకటుంది, బిళ్ళగన్నేరు నుంచే క్యాన్సర్ మందు తీస్తారు కాబట్టి రోజూ పరగడుపున నాలుగాకులు నమిలితే క్యాన్సర్ దగ్గరికి రాదు, షుగర్ కూడా దిగిపోద్ది అని. మొదటి ముక్క నిజమే, అందుకే రెండో ముక్క కూడా జనం ఈజీగా నమ్మేస్తారు. దీనికి ఎదురు బ్యాచ్ ఇంకోటుంది, ఆకులూ కషాయాలూ అన్నీ ఉత్తివే ట్యాబ్లెట్ ఒక్కటే సైన్స్ అని కొట్టిపారేసేవాళ్ళు. నాకైతే రెండూ నచ్చవు, ఎందుకంటే ఏది మేలనేది ఏ చెట్టు గురించి మాట్లాడుతున్నాం అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

ముందు బిళ్ళగన్నేరు సంగతే చూద్దాం. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అని ఇద్దరు దీని మీద పనిచేశారు, జమైకాలో షుగర్‌కి ఈ ఆకు కషాయం తాగుతారని విని ఆకులు తెప్పించారు. ఎలుకలకి నోటితో పట్టిస్తే షుగర్ పెద్దగా తగ్గలేదు. ఆకు సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి చూస్తే మాత్రం ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి, ఎందుకా అని చూస్తే ఒంట్లో తెల్లరక్తకణాలు పడిపోయాయి. తెల్లకణాలు విపరీతంగా పెరిగే జబ్బు బ్లడ్ క్యాన్సర్ కదా, అలా దారి దొరికి విన్‌బ్లాస్టిన్, దాని తర్వాత విన్‌క్రిస్టిన్ బయటికొచ్చాయి, పిల్లల్లో వచ్చే లుకేమియాకి ఈ విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ వాడుతున్నారు. అంటే మందు దొరికిందే ఆకు నోట్లో వేసుకుంటే పెద్దగా ఏమీ జరగలేదు అన్న చోట, మరి ఆ మెసేజ్ రాసినోళ్ళు ఇది ఎక్కడ చదివారో.

ఇంక లెక్కకి వస్తే ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయడానికి అర టన్ను దాకా ఎండాకు కావాలని చెప్తారు, విన్‌క్రిస్టిన్ అయితే ఆకులో అంతకన్నా తక్కువ. పేషెంటుకి ఇచ్చేది మాత్రం మిల్లీగ్రాముల్లో, సాధారణంగా ఒక్కసారికి రెండు మిల్లీగ్రాములు దాటనివ్వరు, అదీ రక్తనాళంలోకే, ఎందుకంటే కాస్త ఎక్కువైనా కాళ్ళూ చేతుల నరాలు దెబ్బతింటాయి. నాలుగాకుల్లో ఆ డోస్ ఎక్కడ్నుంచి వస్తుంది? అలాగని ఆకు అమాయకమైంది కూడా కాదు, అందులో వందకు పైగా ఆల్కలాయిడ్లున్నాయి (అంటే మొక్క తయారుచేసుకునే ఘాటైన రసాయనాలు), ఏ ఆకులో ఏది ఎంతుందో నమిలేవాళ్ళకి తెలీదు. ఇక్కడ నా ఓటు కళ్ళు మూసుకుని ఇంజెక్షన్‌కే, మొక్క పెరట్లో పూలకి చాలు.

ఫాక్స్‌గ్లోవ్ అనే పూలమొక్క కూడా ఇదే బాపతు. ఇంగ్లండ్‌లో విలియం వితరింగ్ అనే డాక్టరు ఆ ఆకుని ఒళ్ళు నీరుపట్టినవాళ్ళకి ఏళ్ళ తరబడి ఇచ్చి చూసి 1785లో పుస్తకం వేశాడు, తర్వాత 1930లో దాని దగ్గరి చుట్టం మొక్కలోంచి డిజాక్సిన్ అనే గుండె మందు తీశారు. గుండెకి మేలు చేసే డోసుకీ విషమయ్యే డోసుకీ మధ్య సందు చాలా ఇరుకు, ఆకుపొడి రోజుల్లో ప్రతి లాట్ ఎంత ఘాటుగా ఉందో కప్పల మీద పరీక్ష చేసి చూసుకునేవాళ్ళంటే ఆలోచించండి. ట్యాబ్లెట్ వచ్చాక ఆ గొడవ పోయింది.

మలేరియా జ్వరానికి బెరడు వాడే సింకోనా చెట్టు దగ్గర మాత్రం అంత తేలిగ్గా తీర్పు చెప్పలేం. 1820లో ఫ్రాన్స్‌లో పెల్టియే, కవంటూ ఆ బెరడులోంచి క్వినైన్ వేరు చేశారు, అంతకుముందు రెండొందల ఏళ్ళు జనం బెరడు పొడే మింగేవాళ్ళు, తగ్గినవాళ్ళకి తగ్గింది, నాసి బెరడు దొరికినవాళ్ళు పోయారు. ఒక రకం సింకోనాలో క్వినైన్ నామమాత్రం, లెడ్జర్ అనే వ్యాపారి సేకరించిన విత్తనాల రకంలో పదిశాతం పైమాటే. అయితే 1860ల్లో మద్రాసు ప్రభుత్వం ఒక కమిషన్ వేసి, బెరడులో క్వినైన్‌తో పాటు ఉండే మిగతా మూడు ఆల్కలాయిడ్లని కూడా జ్వరాల మీద పరీక్ష చేయిస్తే అవీ దాదాపు అంతే బాగా పనిచేశాయి. అంటే మొత్తం చెట్టులో ఉన్న గుణం ఒక్క పదార్థంలోనే ఉండదు అని మన వైద్యులు అనే మాటకి ఇక్కడ కొంత బలం ఉంది. నీలగిరుల్లో తోటలు అంతకుముందే వేశారు, ఈ ఫలితాలతో క్వినైన్ కన్నా చౌకగా ఆ మిశ్రమాన్నే జనానికి ఇవ్వొచ్చన్న మాటకి బలం వచ్చింది. కాబట్టి ఇక్కడ నేను ఒప్పుకునేది బెరడుని కాదు, కొలిచి ఇచ్చిన మిశ్రమాన్ని.

సునాముఖి, అదే నేలతంగేడు, దీనికి వస్తే పోటీ దాదాపు సమానం. ఆకులో ఉండేదీ విరేచనం చేయించే సెన్నోసైడ్లే, మెడికల్ షాపు మాత్రలో ఉండేదీ సెన్నోసైడ్లే, రెండూ రాత్రి వేసుకుంటే పొద్దున్నే పని అవుతుంది. మాత్రలో ఎంత వేసుకున్నామో తెలుస్తుంది, ఆకు కషాయం ఒకరోజు చాలదు ఒకరోజు కడుపులో మెలిపెట్టేస్తుంది. ఇసబ్‌గోల్ అయితే అసలు ఈ ప్రశ్నే లేదు, గింజ మీది పొట్టే మందు.

ఇక పసుపు. ఇక్కడ నేను పూర్తిగా వంటింటి పక్షం. పసుపులో అసలు గుణం ఉందనే కర్క్యుమిన్ ఉండేది మూడు శాతం అటూ ఇటూ, అది ఒంటికి సరిగ్గా పట్టదు. బెంగళూరులో 1998లో చేసిన స్టడీలో మిరియాల్లోని పైపరిన్ కలిపితే ఇరవై రెట్లు ఎక్కువ పట్టిందని తేలింది, అంతే, కంపెనీలన్నీ ఆ మిక్స్‌ని క్యాప్సూల్స్‌లో నింపి అమ్మడం మొదలెట్టాయి. పట్టడం పెరిగితే లాభమే అనుకుంటాం, కానీ అలాంటివి వాడినవాళ్ళలో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు బయటపడి ఇటలీలో, ఆస్ట్రేలియాలో ప్రభుత్వాలే హెచ్చరికలిచ్చాయి. పప్పులో చిటికెడు పసుపుతో ఎవరికీ అలా అయినట్టు వినలేదు. ఒంటికి తక్కువ పట్టడమే కూరలో పసుపుకున్న రక్షణ అని నాకనిపిస్తుంది.

షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌ది ఇంకో రకం. అది కూడా చెట్టు మందే కదా అని చాలామంది అంటారు. యూరప్‌లో గలీగా అని ఒక మొక్క, మేసిన గొర్రెలకి ప్రాణం మీదికొచ్చేది, అందులోని గలీజిన్ షుగర్ తగ్గిస్తుంది గానీ విషం. రసాయనంగా దానికి దగ్గరి చుట్టమైన మెట్‌ఫార్మిన్‌ని 1922లో ల్యాబ్‌లో తయారు చేశారు, 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ పేషెంట్లకి ఇచ్చిన ఫలితాలు బయటపెట్టాడు. ఆ మొక్కంతా నమిలినా మెట్‌ఫార్మిన్ దొరకదు, అసలు అందులో లేదు.

ఆకా మాత్రా అని వాదించుకునేటప్పుడు అందరూ మర్చిపోయేది రెండూ కలిపి వాడేవాళ్ళ సంగతి. డాక్టరు ఏం మందులు వాడుతున్నారు అనడిగితే ట్యాబ్లెట్ల పేర్లే చెప్తారు, కషాయం మందు కాదనుకుంటారు. గుండెకి డిజాక్సిన్ వేసుకునే పెద్దాయన మలబద్ధకానికి రోజూ సునాముఖి తాగుతుంటే విరేచనాల్లో పొటాషియం పోతుంది, పొటాషియం తగ్గినకొద్దీ అదే డిజాక్సిన్ డోసు విషమయ్యే రిస్కు పెరుగుతుంది. ఆయన చేతిలో ఉన్న చీటీలో సునాముఖి ఉండదు.