షెడ్డులో దొరికిన పాత కారు: కొత్తగా చేయించాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?

పోయిన ఎండాకాలం అనంతపురంలో మా తాత కాలం నాటి శెనక్కాయల మిల్లు స్థలం అమ్మకానికి పెట్టాం. దాంతో వెనక షెడ్డు ఖాళీ చేయాల్సి వచ్చింది. చిరిగిన గోనెసంచులు, తూకపు రాళ్లు, కాలిపోయిన మోటారు ఒకటి, వాటన్నిటి వెనక టార్పాలిన్ కింద తాత స్టాండర్డ్ హెరాల్డ్. కారు అక్కడ ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ముప్పై ఏళ్లుగా ఆ టార్పాలిన్ ఎత్తి చూసినవాళ్లు లేరు. ఎత్తిన రోజు నుంచి ఇంట్లో ఒకటే చర్చ. "నట్టూ బోల్టూ విప్పి, రంగేయించి, షోరూం నుంచి వచ్చినట్టు చేయిద్దాం రా" అని మా చిన్నాయన. "ఎవరికన్నా ఇచ్చేయండి, మళ్లీ ఇంకో షెడ్డు ఎక్కడ వెతుకుతారు" అని నాయన. నా మాట ఈ రెండూ కాదు. అది ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా, ఎందుకంటే మన సీమలో పాత మిల్లుల్లో, పెద్దిళ్ల వెనక గాడిపాట్ల పక్కన ఇలాంటి కార్లు ఇంకా ఉన్నాయి, అవి బయటికొచ్చిన మొదటి నెలలోనే ఎక్కువగా పాడవుతున్నాయి.

ముందు అసలు ఈ కార్లు ఎందుకు దాక్కుంటాయి, ఎందుకు బయటపడతాయి అన్నది చూడాలి. కారు ధర కన్నా రిపేరు ఖర్చు ఎక్కువైన రోజు అది షెడ్డులోకి పోతుంది. స్పోర్ట్స్ కార్ల విషయంలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. రెండే సీట్లు, పిల్లలు పుడితే పనికిరాదు, ఇంజిన్ సున్నితం, సామాను వేరే దేశం నుంచి రావాలి, చేయి పెట్టగల మేస్త్రీ ఊళ్లో ఉండడు. మనసుపడి కొన్నది కాబట్టి తుక్కుకి వేయడానికి చేయి రాదు, నడపడానికి డబ్బు రాదు. "వచ్చే ఏడాది చూద్దాం" అని తలుపు వేస్తారు. ఆ తలుపు మళ్లీ తెరుచుకునేది యజమాని పోయినప్పుడో, స్థలం అమ్మినప్పుడో, అలాంటి కారు ఎక్కడో కోట్లకి పోయిందని వార్త వచ్చినప్పుడో.

ఇటలీ రేసు కారు ఫెరారీ 250 జీటీఓనే తీసుకోండి. 1962 నుంచి 1964 వరకు 36 మాత్రమే తయారయ్యాయి. రేసులు అయిపోయాక అవి పాత కార్లే, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒకటి అమెరికాలో హైస్కూలు పిల్లలు మెకానిక్ పని నేర్చుకునే వర్క్‌షాపుకి దానంగా పోయింది, ఆ తర్వాత ఒహాయో రాష్ట్రంలో ఒక పొలంలో ట్రైలర్ మీద ఎండకీ వానకీ ఏళ్ల తరబడి నిలబడింది. అదే రకం కారు ఇంకొకటి 2018లో వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకి పోయింది. ఇంత ధర పలికాక ఏ పొలంలో ఏముందో వెతకడానికి జనం రాకుండా ఉంటారా!

మన దగ్గర కోట్ల వార్త కన్నా స్థలం ధరే ఎక్కువగా తలుపులు తెరిపిస్తోంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చి 2019లో కార్లు బయటికి రావడం మొదలయ్యాక, హైవే చుట్టుపక్కల సెంటు స్థలం కూడా ఖాళీగా ఉంచడానికి ఎవరూ ఇష్టపడడం లేదు. కొత్త కార్లు పుట్టే చోటే పాత కార్లు షెడ్లలోంచి బయటికి వస్తున్నాయి.

ఇంకో సంగతి, మన వాతావరణం. రాష్ట్రంలో తక్కువ వాన పడే జిల్లా మాది, ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. రైతుకి ఇది శాపం, ఇనుముకి మాత్రం వరం. ఇదే కారు చెన్నైలో సముద్రపు గాలికి ముప్పై ఏళ్లు ఉండుంటే కింద చాసిస్, అంటే కారుని మోసే ఇనుప చట్రం, మిగిలేది కాదు. మా కారు కింద పడుకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశా. హెరాల్డ్‌లో బాడీని మోయడానికి చాసిస్ నుంచి రెండు పక్కలా చేతుల్లాంటి ఇనుప దూలాలు ఉంటాయి, తుప్పు మొదట తినేసేది వాటినే. మావి పైపైన ఎర్రగా ఉన్నాయి తప్ప స్క్రూడ్రైవర్ ఎక్కడా దిగలేదు. ఎండ మాత్రం రబ్బరుని చంపేసింది. డోరు బీడింగ్ వేలితో తాకితే నల్లటి పిండిలా రాలింది.

హెరాల్డ్ స్పోర్ట్స్ కారు కాదు కదా అంటారేమో. కాదు. కానీ ఇటలీ డిజైనర్ మిచెలోట్టి గీసిన కారు అది, ఇంగ్లండులో హెరాల్డ్‌ని తయారుచేసిన ట్రయంఫ్ కంపెనీ వాళ్లు ఇదే చాసిస్‌ని పొట్టి చేసి, 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చారు. స్పిట్‌ఫైర్ 1980 దాకా తయారైంది. అందువల్ల ముందు సస్పెన్షన్ సామాను, బ్రేక్ సామాను ఇప్పటికీ ఇంగ్లండులో కొత్తవి దొరుకుతాయి. పాత కారు మళ్లీ రోడ్డెక్కుతుందా లేదా అన్నది ప్రేమ కన్నా సామాను మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఒక మోడల్ మీద పిచ్చి ఉన్నవాళ్లు ప్రపంచంలో తగినంతమంది ఉంటే ఎవరో ఒకరు ఆ సామాను తయారుచేస్తూనే ఉంటారు.

ఇప్పుడు అసలు పోలిక.

పూర్తిగా విప్పి కొత్తగా చేయించడం చిన్నాయన దారి. దీని మీద నాకు గౌరవం లేక కాదు, కొన్ని కార్లకి అదొక్కటే దారి. 1978లో లాస్ ఏంజిలెస్‌లో ఒక ఇంటి పెరట్లో తవ్వితే ఫెరారీ డినో బయటపడింది, ఇన్సూరెన్స్ మోసం కోసం పాతిపెట్టిన కారు. మట్టిలో నాలుగేళ్లు ఉన్నదాన్ని ఉన్నదున్నట్టు ఉంచి ఏం చేస్తారు? దాన్ని బాగుచేసి రోడ్డు మీద తిప్పుతున్నారు, మంచి పని. చాసిస్ పుచ్చిపోయినా, యాక్సిడెంట్ అయి వంగినా, మధ్యలో ఎవరో మూడు పొరల పుట్టీ పూసి పాడుచేసినా మొత్తం విప్పాల్సిందే. కానీ మామూలు కారుకి ఈ దారిలో డబ్బు తిరిగి రాదు. టింకరింగ్, రంగు, క్రోమ్, సీట్లు, ఇంజిన్ బోరింగ్ అన్నీ కలిపితే హెరాల్డ్ అమ్మితే వచ్చేదాన్ని దాటిపోతుంది. సగంలో ఆగిపోయి, డోర్లు ఒకచోట, ఇంజిన్ ఇంకోచోట డబ్బాల్లో మిగిలిపోయిన కార్లు నేనే రెండు చూశాను. షెడ్డులో నిద్రపోయిన కారుని లేపొచ్చు, డబ్బాల్లోకి పోయిన కారుని లేపడం చాలా కష్టం.

రెండోది, అస్సలు ముట్టకుండా ఉంచడం. ఇటలీ, స్విట్జర్లాండ్ మధ్య ఉన్న మజ్జోరే సరస్సులోంచి 2009లో 1925 నాటి బుగాట్టి బ్రెషియా ఒకటి తీశారు, దశాబ్దాలు నీటి అడుగున ఉన్న కారు. 2010లో ప్యారిస్ వేలంలో 2,60,500 యూరోలకి పోయింది. కొన్నాయన దాన్ని కాలిఫోర్నియాలో తన మ్యూజియంలో ఆ తుప్పుతోనే ప్రదర్శనకి పెట్టాడు. ఫ్రాన్సులో రోజర్ బాయోన్ అనే లారీల వ్యాపారి మ్యూజియం కట్టాలని కార్లు పోగుచేసి, వ్యాపారం దెబ్బతిని, రేకుల కింద వదిలేస్తే 2014లో అరవై దాకా బయటపడ్డాయి. అందులో 1961 నాటి ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్ మీద పాత పత్రికల కట్టలు పేర్చి ఉన్నాయి. 2015 ఫిబ్రవరిలో దుమ్ముతో సహా 1 కోటి 63 లక్షల యూరోలు పలికింది. ఆ దుమ్ముకే అంత ధర అని కాదు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు అనడానికి ఆ దుమ్మే సాక్ష్యం.

ఈ అభిప్రాయం ఇప్పుడు పైస్థాయిలో కూడా గెలుస్తోంది. పెబుల్ బీచ్ అని అమెరికాలో 1950 నుంచి జరిగే పాత కార్ల పోటీ ఉంది, ఎప్పుడూ అద్దంలా మెరిసే కార్లదే పెద్ద బహుమతి. 2024లో మొదటిసారి విప్పి కొత్తగా చేయించని కారుకి, 1934 నాటి బుగాట్టి టైప్ 59కి, ఆ బహుమతి ఇచ్చారు.

కానీ మన ఇంట్లో మ్యూజియం లేదు. ముట్టకుండా ఉంచితే ఎలుకలు ఆగవు. మా కారు వెనక సీటులో కొబ్బరి పీచు మొత్తం లాగేసి గూడు కట్టాయి, డాష్‌బోర్డు కింద వైర్లు కొరికేశాయి. ఉన్నదున్నట్టు అంటే పాడవుతూ ఉండనివ్వడం అని నా దృష్టిలో అర్థం కాదు.

అందుకే నేను చెప్పేది మూడో దారి: నడిచేలా చేయి, పై తోలు ముట్టకు. దీనికి కారణం మేం మొదటి వారంలోనే చేసిన తప్పు. ఉత్సాహంలో కారుని ట్రాలీ ఎక్కించి వాటర్ సర్వీసుకి తీసుకుపోయాం. హెరాల్డ్‌లో మడ్‌గార్డులతో సహా ముందు భాగం మొత్తం ముందుకి వంగి తెరుచుకుంటుంది. తెరిచి, ఇంజిన్ మీద గట్టి ప్రెషర్‌తో నీళ్లు కొట్టారు. ఇంజిన్ వెనక రేకు మీద పసుపు మైనపు పెన్సిల్‌తో రాసిన నాలుగంకెలు ఉండేవి, ఈ కారు తయారైన మద్రాసు ఫ్యాక్టరీలో ఎవరో బిగించేటప్పుడు రాసుకున్నవి అయుంటాయి. అంతకుముందు రోజు నేను చూశా, ఫోటో తీయలేదు. ఒక్క నిమిషంలో పోయాయి. తుప్పు వదిలించొచ్చు, ఇంజిన్ మార్చొచ్చు, ఆ నాలుగంకెలు ఎంత డబ్బు పోసినా రావు. అప్పటినుంచి కారు మీద నీటి చుక్క పడనివ్వలేదు, మెత్తటి గుడ్డే. డోరు తెరిస్తే కీలు పక్కన పైనున్న తెల్లరంగు పెచ్చు లేచి లోపల లేత ఆకుపచ్చ కనిపిస్తుంది. తాత కొన్నప్పటి రంగు అదే అని అవ్వ చెప్పింది. రంగేయిస్తే ఆ ఆకుపచ్చ పోతుంది.

నడిచేలా చేయడానికి తొందర పనికిరాదు. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడమే చాలామంది చేసే పని, పట్టేసిన పిస్టన్ రింగులు సిలిండరుని గీరేస్తాయి. మా మేస్త్రీ భాయ్ ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో డీజిలూ ఇంజిన్ ఆయిలూ కలిపి పోశాడు. "ఎనిమిది రోజులు దీని జోలికి రావద్దు సార్" అన్నాడు. తొమ్మిదో రోజు ముందు పుల్లీకి పానా వేసి చేత్తో తిప్పితే మొదట ఒక కరకర, తర్వాత మెల్లగా తిరిగింది. చిన్నాయన ఒక్కసారి కళ్లు తుడుచుకున్నాడు. ట్యాంకులో పెట్రోలు వార్నిష్ వాసన వేస్తూ బంకలా మారింది, ట్యాంకు దించి కడిగాం. రబ్బరు పైపులన్నీ మార్చాల్సిందే, ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్, పాత రబ్బరుని అది తొందరగా తినేస్తుంది. ఈ ఇంజిన్ తన జీవితమంతా సీసం కలిపిన పెట్రోలుతో తిరిగింది, 2000లో దేశంలో అది ఆగిపోయింది, కాబట్టి ఇంజిన్‌లో వాల్వులు మూసుకున్నప్పుడు ఆనుకునే వాల్వ్ సీట్లు, సీసం కాపు లేక, ఎక్కువ స్పీడుకి అరిగే ప్రమాదం ఉంది. ఈసారి ఇంజిన్ హెడ్ విప్పితే గట్టి సీట్లు వేయిస్తాం, అప్పటిదాకా నలభై దాటం. బ్రేకుల విషయంలో మాత్రం ఏ పాతదనాన్నీ ఉంచలేదు. మాస్టర్ సిలిండర్, చక్రాల దగ్గర రబ్బరు కప్పులు, పైపులు, టైర్లు అన్నీ కొత్తవి. ప్రాణాల దగ్గర ఒరిజినల్ అనే మాటకి విలువ లేదు.

ఇక అందరూ ఇచ్చే సలహా, "మారుతి ఇంజిన్ దించేయండి, టెన్షన్ ఉండదు". నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ దారి ఇదే. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్తగా రిజిస్టర్ చేయడానికి 20,000 రూపాయలు, మళ్లీ చేయడానికి 5,000, పదేళ్లు చెల్లుతుంది. ముందే రిజిస్టరైన కారుకి పాత నంబరే ఉంచుకోవచ్చు, లేనివాటికి వీఏ అనే అక్షరాలతో కొత్త సిరీస్. రోజూ తిరగడానికి, కిరాయికి కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అయితే తీయొచ్చు. ఇంజిన్ మార్చిన కారుకి ఈ దారి మూసుకుపోతుంది, అసలు ఇంజిన్ తుక్కుకి పోతే తిరిగి రాదు. కాబట్టి ఏ పనికీ ముందు ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కారు మీద ఉన్నవాటితో సరిపోతున్నాయా చూసుకోండి. మా ఆర్‌సీ గ్లవ్‌బాక్సులోనే దొరికింది, మార్కెట్ యార్డు తూకం చీటీ ఒకటి మడిచి దాని మధ్యలో ఉంది.

అమ్మడం తప్పా అంటే కాదు. చూసుకునేవాళ్లు ఇంట్లో లేకపోతే అదే మేలు, నాయన మాటలో ఆ మేరకు న్యాయం ఉంది. అమ్మేటప్పుడు కడగకుండా, ఆర్‌సీతో, దొరికిన ప్రతి ముక్కతో సహా ఇవ్వండి. తెలిసి కొనేవాడు మెరుపుని చూడడు, అడుగున చాసిస్‌నీ, నంబర్లనీ చూస్తాడు.

మా ఇంట్లో రంగు సంగతి తేలిపోయింది, వేయడం లేదు. చిన్నాయన ఒప్పుకున్నాడు. డ్రైవరు సీటు దగ్గరే ఇంకా పట్టు. తాత కూర్చున్న చోట రెక్సిన్ గుంట పడి, కుడి అంచు చొక్కా రాసుకుని నున్నగా అయింది. లోపల పీచు మిగల్లేదు. పైది మార్చకుండా లోపల మాత్రం కొత్త పీచు నింపమని నేను, కుట్లు ఆగవు మొత్తం మార్చమని చిన్నాయన. శుక్రవారం సీట్లు కుట్టే భాయ్ దగ్గరికి ఇద్దరం తీసుకుపోతున్నాం. ఆ రెక్సిన్ ఇంకోసారి సూది తట్టుకుంటుందో లేదో ఆయన చేత్తో పట్టి చూసి చెప్పాలి.